వానలు పట్టుకునేలోపే సోల్డరింగ్ బ్యాగు సర్దుకోండి

మన పక్క అసలు వానలు జూన్‌వి కాదు, అక్టోబర్‌వి. ఈశాన్య రుతుపవనాలు దిగాక బంగాళాఖాతంలో ఒక వాయుగుండం పుట్టిందంటే తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఎట్లా ఉంటుందో 2021 నవంబర్ చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఊళ్ల నుంచి ఫోన్లు ఎక్కువొస్తాయి, పాల సెంటర్లో అడాప్టర్ పోయిందనో, సీసీ కెమెరా బాక్సు ఆన్ కావట్లేదనో, కల్యాణ మంటపంలో యాంప్లిఫయర్ గుర్రుమంటోందనో. షాపులో బల్ల ముందు కూర్చుని చేసేది వేరు, తడి గచ్చు మీద గొంతుక్కూర్చుని, పక్కన పది మంది పాల క్యాన్లతో నిలబడి "సామీ, బిన్నా కానీ, పాలు విరిగిపోతాయి" అంటుంటే చేసేది వేరు.

అందుకే నేను మొట్టమొదట చెప్పేది ఒకటే. ఈ మూడు నెలలు కరెంటు సాకెట్లో పెట్టే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌ను ఇంట్లో వదిలేయండి. షాపులో దానికి తిరుగులేదు, కానీ ఊళ్లో మనకు దొరికే సాకెట్‌కు ఎర్త్ ఉందో లేదో తెలియదు, ఎక్స్‌టెన్షన్ బాక్సు నీళ్లలో ఉందో పైన ఉందో తెలియదు. బ్యాటరీ మీద నడిచే ఐరన్ తీసుకోండి. రెండు దారులున్నాయి. ఒకటి యూఎస్‌బీ సీ ఐరన్, కాకపోతే ఫోన్‌కు పెట్టుకునే మామూలు పవర్ బ్యాంకుతో అది సరిగ్గా వేడెక్కదు, 45 నుంచి 65 వాట్లు ఇచ్చే పీడీ రకం, అంటే ఎక్కువ పవర్ ఇచ్చే పవర్ డెలివరీ రకం, కావాలి. రెండోది 12 వోల్టుల 30 వాట్ల ఐరన్, దానికి యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ. అది రెండు కిలోలుంటుంది, భుజం లాగుతుంది, కానీ మా పక్క ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, నేను మోసేది అదే.

ఆ బ్యాటరీతోనే నాకు బుద్ధొచ్చింది. రెండేళ్ల కింద నవంబర్‌లో పీలేరు నుంచి తిరిగొస్తున్నా, భాకరాపేట ఘాట్ దిగుతుంటే సన్నగా తుంపర, ముందు బండి వెనక లైటు తప్ప ఏమీ కనిపించని పొగమంచు. ఏదో కాలుతున్న వాసన. ముందుపోయే లారీ బ్రేకులేమో అనుకున్నా. నడుము దగ్గర వెచ్చగా తగిలేసరికి అర్థమైంది, బండి పక్కకు తీసి బ్యాగు రోడ్డు మీద పడేసి జిప్పు లాగితే పొగ. జరిగిందేమంటే, చుట్ట నుంచి ఊడిన లెడ్ తీగ, అదే అతుకు వేసే సోల్డర్ తీగ, బ్యాటరీ రెండు టెర్మినళ్ల మీద అడ్డంగా పడి షార్టయింది. తీగ కరిగి తెగిపోయింది కాబట్టి సరిపోయింది, లోపలి గుడ్డకు అరచేయంత బొక్క పడింది. పక్కనే స్పిరిట్ సీసా ఉంది. అది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అప్పటినుంచి ప్లస్ టెర్మినల్ దగ్గరే 5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టా. 30 వాట్ల ఐరన్ తీసుకునేది రెండున్నర ఆంపియర్లే, కాబట్టి పనికి అడ్డం రాదు, షార్టయితే మాత్రం ఫ్యూజు పోతుంది. టెర్మినళ్ల మీద పాత సైకిల్ ట్యూబు ముక్క తొడిగా. బ్యాటరీకి ఒక అర, లెడ్డూ కట్టర్లకూ ఇంకో అర, స్పిరిట్ సీసా బయటి జేబులో నిలువుగా.

లెడ్ 60/40 రకమే తీసుకోండి, అంటే వందలో 60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం, 63/37 దొరికితే ఇంకా మంచిది, 183 డిగ్రీలకే కరుగుతుంది. మామూలుగా దొరికే సీసం లేని రకాలు 217 దాటితేగానీ కరగవు, చిన్న బ్యాటరీ ఐరన్‌తో దాన్ని పట్టుకుంటే జాయింట్ డ్రైగా, అంటే సరిగ్గా అతుక్కోకుండా, వచ్చి వారానికే మళ్లీ ఫోన్ వస్తుంది. సోల్డరింగ్ పేస్ట్ కొనేటప్పుడు రోజిన్‌దో (చెట్టు బంక రకం) కాదో అడగండి. రేకులకు, పైపులకు వాడే యాసిడ్ రకం బోర్డు మీద పెడితే ఈ తేమకు పార్టుల కాళ్లు పచ్చబడి తుప్పు తినేస్తుంది. బిట్, అంటే ఐరన్ మొన, తుడవడానికి తడి స్పాంజి బదులు ఇత్తడి పీచు ఉన్న చిన్న డబ్బా పెట్టుకోండి. గిన్నెలు తోమే స్టీలు పీచు వద్దు, దాని ముక్కలు బోర్డులో పడి ఎక్కడ షార్ట్ చేస్తాయో దేవుడికే తెలియాలి. వీటన్నిటికీ ఇంట్లో పాత టిఫిన్ డబ్బా బాగుంటుందని మీకూ అనిపిస్తుంది, నాకూ అనిపించింది. వద్దు. ఎవరో ఒకరు దాన్ని కడిగి పిల్లలకు పెరుగన్నం పెట్టిస్తారు. సీసం ఐరన్ వేడికి ఆవిరై ముక్కులోకి పోదు, చేతుల మీద నుంచి నోట్లోకి పోతుంది. అందుకే బ్యాగులో సబ్బు ముక్క ఉండాలి, పని మధ్యలో ఎవరైనా టీ ఇచ్చినా, లడ్డూ ప్రసాదమే పెట్టినా, చేతులు కడుక్కున్నాకే.

పొగ సంగతి వేరు. అది రోజిన్ పొగ, ఉబ్బసం ఉన్నవాళ్లకు అస్సలు పడదు. వానకు షట్టర్ సగం దించేసుకుంటాం కదా, గదంతా నిండిపోతుంది. మొహం పక్కకు పెట్టి, చిన్న ఫ్యాను పొగను మీ నుంచి దూరంగా లాగేలా పెట్టండి.

ఇక ఎదుటి సామాను. ఐరన్ బ్యాటరీదైనా, మీరు విప్పే డబ్బా కరెంటుదే. మెయిన్ ఆపేశాంలే అనుకుంటాం, అక్కడ ఇన్వర్టరో యూపీఎస్సో ఉంటే ఆ సాకెట్లో కరెంటు ఉంటూనే ఉంటుంది. ప్లగ్గు పీకి, మీ కంటి ముందు పెట్టుకోండి. పీకేశాక కూడా ఎస్‌ఎంపీఎస్‌లో (డబ్బా లోపలి పవర్ సప్లై బోర్డు) కరెంటు నిల్వ పెట్టుకునే పెద్ద కెపాసిటర్ 320 వోల్టుల దాకా పట్టుకుని కూర్చుంటుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే అలవాటు మానండి, మొన కాలుతుంది, మెరుపుకు చేయి విదిలించుకుని ఇంకెక్కడో తగిలించుకుంటాం. రెండు వైర్లు బిగించిన పాత 60 వాట్ల తీగ బల్బు ఒకటి చాలు, దాన్ని కాసేపు తాకించి, తర్వాత మీటర్‌తో డీసీ వోల్టులు చూసి, సున్నా దగ్గరికి వచ్చాకే వేలు పెట్టండి. బోరు మోటారు స్టార్టర్ బాక్సు మాత్రం వానలో వద్దే వద్దు, అది మూడు ఫేజులు, 415 వోల్టులు, లైన్‌మన్‌తో పని. సీలు వేసిన తూకం మిషన్ కూడా నేను విప్పను, లైసెన్సు ఉన్న రిపేరరే చేసి మళ్లీ ముద్ర వేయించాలి, నేను చూసేది బయటి అడాప్టర్ వరకే.

తడిసిన బోర్డు మీద ఐరన్ పెడితే నీటి చుక్క చిటపటమని లెడ్డును కళ్లలోకి చిమ్ముతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి. స్పిరిట్‌తో తుడిస్తే పూర్తిగా ఆరేదాకా ఆగండి, లేదంటే అంటుకుంటుంది. ఐరన్ జారితే గాల్లో పట్టుకోబోకండి, పడనీయండి. చేయి కాలితే టూత్‌పేస్టూ పసుపూ కాదు, ఇరవై నిమిషాలు మామూలు నీళ్ల ధార. ఉరుము వినిపిస్తే బయటి నుంచి పొడుగ్గా వచ్చే కెమెరా వైరు, కేబుల్ వైరు ముట్టుకోకుండా టీ తాగండి, కడుక్కున్న చేతులతో.

సెప్టెంబర్ ఆఖర్లో ఇంట్లోనే ఒకసారి పరీక్ష పెట్టుకోండి. బ్యాటరీ నిండా చార్జ్ చేసి, పాత రేడియో బోర్డు మీద జాయింట్లు వేస్తూ, 11.5 వోల్టులకు ఎంతసేపట్లో దిగిందో చూడండి. మంచి బ్యాటరీ గంటన్నర పైన రావాలి. నాది పోయినేడు నలభై నిమిషాలకే దిగిపోయింది, ఆ సాయంత్రమే కొత్తది తెచ్చుకున్నా.