తువ్వాళ్లు రెండు పెట్టుకోండి
ఫ్రాన్స్ పల్లెల్లో, ముఖ్యంగా దోర్దోన్ వైపు, బట్టల్లేకుండా గడిపే ప్రశాంతమైన క్యాంపులు ఉన్నాయి. వెళ్లే ఆలోచన ఉంటే పెట్టెలో ముందుగా సర్దవలసినవి రెండు తువ్వాళ్లు. ఒకటి స్నానానికి. రెండోది ఎప్పుడూ భుజం మీదే ఉండాలి; కుర్చీ అయినా బెంచీ అయినా దాన్ని పరచుకునే కూర్చోవడం అక్కడి మర్యాద. ఈతకొలనులో చాలాచోట్ల ఈతదుస్తులు కూడా ఒప్పుకోరు, గుడారం చోటు తీసుకునే ముందే అడగండి. ఏనాడూ ఎండ చూడని చర్మం ఇట్టే కమిలిపోతుంది, సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి రాయాలి. ఈ సంగతి నేను ఆలస్యంగా, రెండు రాత్రులు బోర్లా పడుకుని తెలుసుకున్నాను. ఫోను గుడారంలోనే వదిలేయండి. ఎవరికీ కెమెరా అనుమానం రాకూడదు. సాయంత్రం చలేస్తే నిస్సంకోచంగా స్వెటరు వేసుకోండి, అందరూ వేసుకుంటారు. ఊళ్లోకి రొట్టె కొనడానికి వెళ్లేటప్పుడు మాత్రం గేటు దగ్గర ఒకసారి మిమ్మల్ని మీరు చూసుకోండి!