పికప్ మీద క్యాంపర్ కొంటున్నారా? చెమ్మ సంగతి ముందు చూడండి

మా ఒడిశా జయపురం నుంచి దేవ్‌మాలి కొండకి (1,672 మీటర్లు) పికప్ మీద క్యాంపర్ (బండి వెనక తొట్టిలో పెట్టుకునే, పడుకోవడానికి వీలున్న చిన్న గది) వేసుకుని వెళ్దామనుకునేవాళ్లకి ఒక మాట. ఇక్కడి వానకి, పుష్యమాసం చలికి గుడ్డ గోడల రకం వద్దు. ఒకసారి తడిస్తే కోరాపుట్ ముసురులో ఓ పట్టాన ఆరదు, మడతల్లో బూజు పడుతుంది. గట్టి గోడలున్నదే తీసుకోండి.

అంతటితో అయిపోలేదండోయ్. రాత్రంతా మన ఊపిరిలోని ఆవిరి చల్లటి రేకుకి తగిలి నీళ్లవుతుంది. పొద్దున లేచేసరికి దుప్పటి తడి, పైకప్పు కారుతోందేమోనని టెన్షన్! పైగా కిలో గ్యాస్ మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరే వస్తుంది. అందుకే గోడల్లో ఫోమ్ షీటు ఉందా, పైన తెరుచుకునే వెంట్ (ఆవిరి బయటికి పోయే కంత) ఉందా చూడండి. టీ కాచినా వెంట్ తెరిచే ఉంచాలి. పడుకునేటప్పుడు స్టవ్వు, కుంపటి అసలే వద్దు, ప్రాణాలకే ముప్పు. పరుపు కింద చెక్క పట్టీలు వేస్తే గాలాడుతుంది.

పాతది కొంటే పైకప్పు అతుకుల మీద పైపుతో పది నిమిషాలు నీళ్లు కొట్టించి, లోపలి మూలలు వేలితో నొక్కండి. మెత్తగా దిగిందా, ప్లైవుడ్ పోయినట్టే. బరువు మాత్రం నీళ్ల ట్యాంకు నింపాకే తూయించండి, అమ్మేవాళ్లు ఖాళీ బరువే చెప్తారు.