అక్వేరియం పాఠాలు – 3: ముందు స్పాంజ్ సంగతి, తర్వాత చేప

ఈ పాఠం చేపను కొని ఇంటికి తెచ్చుకోవడం గురించి. అక్కడికి వస్తాను. కానీ రెండో పాఠం తర్వాత వచ్చిన ఉత్తరాలు చూశాక ముందు ఒక పంచాయితీ తేల్చక తప్పట్లేదు.

ఖాళీ ట్యాంకులో ఫిల్టర్ నడుపుతూ, రోజూ చిటికెడు మేత వేస్తూ నాలుగు నుంచి ఆరు వారాలు ఆగమన్నాను. సగం మంది నాలుగు రోజులు ఆగారు. ‘పిల్లలు ఊరుకోవట్లేదండీ’ అని ఒకరు, ‘నీళ్లు తేటగానే ఉన్నాయి కదా అని’ ఇంకొకరు చేపలు వేసేశారు. రెండు మూడు రోజులకు నీళ్లు తెల్లగా మసకబారాయి. టెన్షన్ పడి ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, గులకరాళ్లు సర్ఫ్ పెట్టి రుద్ది, ఫిల్టర్ స్పాంజ్‌ని కుళాయి కింద పెట్టి మెరిసేదాకా పిండారు. వారం తిరక్కుండా చేపలు తేలాయి. ‘అంత శుభ్రం చేసినా ఎందుకు చచ్చాయి’ అని అడుగుతున్నారు. అంత శుభ్రం చేశారు కాబట్టే.

కొత్త ట్యాంకులో కనిపించే ఆ తెలుపు మురికి కాదు. నీళ్లలో ఒక్కసారిగా పెరిగిన బ్యాక్టీరియా. ముట్టుకోకపోతే కొన్ని రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది. చంపేది కంటికి కనిపించని అమ్మోనియా. చేప మొప్పల నుంచి, రెట్ట నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అది వస్తూనే ఉంటుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్‌ని మాత్రం వారానికోసారి కొంచెం నీళ్లు మార్చి తగ్గించుకోవచ్చు. ఈ రెండు రకాలూ నీళ్లలో తక్కువ, స్పాంజ్‌లో ఎక్కువ. మీరు అసహ్యించుకుని పిండేసిన ఆ గోధుమరంగు జిగురులోనే వాటి కాపురం. చేప లేకుండా మేత వేస్తూ వారాల తరబడి ఆగమన్నది వీటిని పెంచడానికే.

మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. దాన్ని కలిపేదే బ్యాక్టీరియాని చంపడానికి. ఆ నీళ్ల కింద స్పాంజ్ పెట్టడమంటే ఆరు వారాల పనిని ఆరు నిమిషాల్లో కడిగెయ్యడం. ‘మాది బోరు నీళ్లండీ, క్లోరిన్ లేదు’ అని ఒకాయన వాదించారు. సరే, నష్టం తగ్గుతుంది. కానీ తెల్లబడేదాకా పిండితే బోరైనా, గోదావరైనా లోపల మిగిలేది తక్కువే. ‘నెలకోసారి కొత్త స్పాంజ్ వెయ్యమని డబ్బా మీదే రాశారు’ అని ఇంకొకరు. స్పాంజ్ అమ్మేవాళ్లు ఇంకేం రాస్తారు? ఫిల్టరు నుంచి వచ్చే నీళ్ల ధార బాగా తగ్గితేనే స్పాంజ్ జోలికి వెళ్లండి. ట్యాంకులోంచే ఒక బకెట్ నీళ్లు తీసి, అందులో రెండు మూడుసార్లు నొక్కి, ఇంకా గోధుమరంగుగా ఉండగానే తిరిగి పెట్టెయ్యండి. రెండు స్పాంజ్‌లుంటే ఈ వారం ఒకటి, మూడు నాలుగు వారాల తర్వాత రెండోది. తెల్లటి స్పాంజ్ ఫొటోలు ఇక నాకు పంపొద్దు.

ఇప్పటికే చేపలు వేసేసి, అవి ఇంకా బతికున్నవాళ్లు: మేత రోజు విడిచి రోజు, అదీ చిటికెడే. రోజూ పావు వంతు నీళ్లు మార్చండి, కొత్త నీళ్లకు యాంటీ క్లోరిన్ (క్లోరిన్‌ని విరిచే మందు) కలిపాకే. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించేదాకా ఇదే పని. నేనైతే సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా మీద డబ్బు పెట్టను. ఆరోగ్యంగా నడుస్తున్న ట్యాంకున్న స్నేహితుణ్ని బతిమాలి, వాడిన స్పాంజ్ ముక్క ఒకటి తడిగానే తెచ్చి నా ఫిల్టర్లో పెట్టుకుంటాను. సర్ఫ్ పెట్టిన రాళ్లు పారేయండి, వాటి గురించి వాదనలు వద్దు.

ఇక షాపు.

ట్యాంకులో చచ్చిన చేప కనిపిస్తే ఆ ట్యాంకులోంచి ఏదీ కొనొద్దు. చాలా షాపుల్లో వరస ట్యాంకులన్నిటికీ ఒకటే ఫిల్టరు, అంటే నీళ్లూ ఒకటే. కాబట్టి పక్క ట్యాంకునీ అనుమానంగానే చూడండి. ఆ తర్వాత అడగాల్సింది ధర కాదు.

‘అన్నా, ఇవి ఎప్పుడొచ్చాయి?’

‘ఈరోజే సార్, ఫ్రెష్ స్టాక్!’

కూరగాయలకైతే అది గొప్ప సంగతి. చెన్నై నుంచో కోల్‌కతా నుంచో రాత్రంతా కవర్లో ఊగుతూ వచ్చిన చేపకు ఆ రోజే ఇంకో కవరు ఎక్కించడం అన్యాయం. వారం తర్వాత వెళ్లండి. అప్పటికీ రెక్కలు విప్పి ఈదుతూ, చిటికెడు మేత వేయించగానే ఎగబడితే అది మంచి చేప. రెక్కలు ముడుచుకుని మూల నక్కిందీ, పైకొచ్చి గుటకలు వేసేదీ, ఒంటిమీద ఉప్పురవ్వల్లాంటి తెల్లచుక్కలున్నదీ వద్దు. ‘పాపం, నేను తీసుకెళ్లి బతికిస్తా’ అనే జాలి మొదటి ఏడాది పనికిరాదు.

మెరిసే గులాబీ, నీలం గీతలున్న గ్లాస్ ఫిష్ కనిపిస్తే అసలు కొనొద్దు. ఆ చేప సహజంగా పారదర్శకంగా ఉంటుంది. రంగు సూదితో ఎక్కిస్తారు. కొన్ని నెలల్లో రంగు పోతుంది, ఆ లోపే చాలావాటి ప్రాణం పోతుంది. ట్యాంకు శుభ్రం చేస్తుందని అంటగట్టే సక్కర్ ఫిష్ అడుగు దాటి పెరుగుతుంది. పెరిగాక చెరువులో వదిలేస్తారు. అలా చేరినవే ఇప్పుడు మన చెరువుల్లో జాలరుల వలలు చింపుతున్నాయి. ఫైటర్ చేప (బెట్టా) పైకొచ్చి గాలి పీల్చగలదు కాబట్టి గాజు గిన్నెలో చాలంటారు. ఊపిరి ఆడుతుంది, సరే. దాని రెట్టలోంచి వచ్చే అమ్మోనియా ఎక్కడికి పోతుంది?

మీ నీళ్లను బట్టి చేపను ఎంచుకోండి. మన బోరు నీళ్లు చాలాచోట్ల కఠినం, అంటే ఖనిజాలు ఎక్కువ. గప్పీ, మోలీ, ప్లాటీ వాటిలో హాయిగా ఉంటాయి. నియాన్ టెట్రా మెత్తటి నీళ్ల (ఖనిజాలు తక్కువున్న నీళ్ల) చేప, దాని కోసం రోజూ తంటాలు నాకు ఓపిక లేదు. ఉత్త ఆర్వో నీళ్లు నింపొద్దు, అందులో చేపకు కావాల్సిన ఖనిజాలు దాదాపు ఉండవు. 60 లీటర్ల ట్యాంకుకి మొదట నాలుగు గప్పీలు, అన్నీ మగవే తెచ్చుకోండి. ఆడ, మగ కలిపి తెస్తే నెల తిరిగేసరికి పిల్లలు ఎవరికివ్వాలో తెలియక తిరుగుతారు.

ఇంటికి రాగానే ట్యాంకు లైటు ఆపండి. కవరు విప్పకుండా 15, 20 నిమిషాలు నీళ్ల మీద తేలనివ్వండి, వేడి సమానం అవుతుంది. తర్వాత మూతి కత్తిరించి, అంచు బయటికి మడిచి, ఐదేసి నిమిషాలకు ఒక టీ గ్లాసు చొప్పున ట్యాంకు నీళ్లు కలపండి. నాలుగైదు గ్లాసులయ్యాక చేపను వలతో పట్టి ట్యాంకులోకి. కవర్లో నీళ్లు ట్యాంకులో పోయొద్దు, షాపులో ఉన్న జబ్బులన్నీ అందులోనే ఉంటాయి.

ఇదంతా షాపు నుంచి గంటలోపు వచ్చిన చేపకు. కొరియర్లో రాత్రంతా వచ్చినదానికి ఇదే పద్ధతి ప్రమాదం. మూసిన కవర్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ (నీళ్ల ఆమ్లత్వం చెప్పే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) పడిపోతుంది. అందుకే లోపలి అమ్మోనియా అంతగా హాని చెయ్యదు. విప్పగానే ఆ వాయువు పోతుంది, పీహెచ్ లేస్తుంది, అమ్మోనియా పదునెక్కుతుంది. కాబట్టి మూసిన కవరు తేలేసి వేడి సరిపెట్టి, విప్పాక ఆలస్యం చెయ్యకుండా వలతో మార్చెయ్యండి.

మొదటి సాయంత్రం చేప రంగు వెలిసి, మొక్క వెనకో ఫిల్టరు వెనకో దాక్కుని, మొప్పలు గబగబా కొట్టుకుంటూ కనిపిస్తుంది. అద్దం తట్టొద్దు, ఆ రోజు మేతా వద్దు. తర్వాత ఇంకో చేప తెచ్చినప్పుడు మాత్రం నేరుగా ట్యాంకులో వెయ్యకుండా స్పాంజ్ ఫిల్టరున్న టబ్బులో రెండు వారాలు విడిగా ఉంచాలి.

అభ్యాసం: ఈ నెలంతా చేప కొనొద్దు. ఒకే షాపుకి వారానికోసారి వెళ్లండి, పర్సు ఇంట్లో పెట్టి. ఒక్క ట్యాంకు ఎదురుగా పావుగంట నిలబడి ఎన్ని చేపలున్నాయి, ఎన్ని తిన్నాయి, ఎన్ని విడిగా నక్కాయి రాసుకోండి. ఇంట్లో కుళాయి నీళ్ల పీహెచ్ పట్టగానే ఒకసారి, ఎయిర్ పంపుతో బుడగలు వదిలి 24 గంటలు నిలవుంచాక ఇంకోసారి చూడండి. బోరు నీళ్లయితే రెండు అంకెలూ వేరుగా రావచ్చు. చేప బతికేది రెండో అంకెలో. ఆ అంకె, మీ అమ్మోనియా, నైట్రైట్ రీడింగులు పంపినవాళ్ల ప్రశ్నలకే నాలుగో పాఠంలో జవాబులిస్తాను.