పాతపేటలో పాత ఇంటికి మారుతున్నారా? గోడకు తాపీ తగిలించే ముందు ఈ క్రమం పాటించండి

ఊరి నడిబొడ్డుకు నడిచి వెళ్లేంత దగ్గరలో, వందేళ్ల నాటి వీధిలో ఇల్లు దొరికిందంటే చాలామంది చేసే మొదటి పని మేస్త్రీని పిలిచి గోడలన్నిటికీ సిమెంటు కొట్టించడం. దయచేసి ఆ పని చేయకండి. ఇలాంటి ఇళ్లలోనే ఏళ్లుగా ఉంటూ, తెలిసినవాళ్ల ఇళ్లు బాగు చేయిస్తూ వస్తున్నాను. నేను చూసిన పాడైన గోడల్లో ఎక్కువ వాటికి ఆ గతి పట్టించింది వయసు కాదు, మంచి ఉద్దేశంతో చేయించిన రిపేరే.

1. ఇల్లు మూడు వేళల్లో చూడండి

పగలు ఒక్కసారి చూసి అడ్వాన్స్ ఇచ్చేయకండి. సెలవుకు ముందు రోజు రాత్రి ఒకసారి వెళ్లండి, సందడి ఎంత సేపు ఉంటుందో తెలుస్తుంది. తెల్లవారుజామున ఒకసారి వెళ్లండి, దుకాణాలకు సరుకు దించే లారీలు, చెత్త బండ్లు ఆ వేళకే వస్తాయి. పెద్ద వాన పడిన మర్నాడు తప్పనిసరిగా వెళ్లండి. ఈ మూడోది మానేసేట్టయితే మొదటి రెండూ దండగ. ఇక కారు సంగతి. ఈ వీధులు కార్లు రాకముందు వేసినవి. రెండు కార్లున్నవాళ్లు ఒకటి అమ్మేసి రావాలి, అంతే.

2. అనుమతి కాగితం మీద తీసుకోండి

పాత పేటలను కాపాడే నియమాలు చాలా నగరాల్లో ఉన్నాయి. అమెరికాలో చార్ల్స్‌టన్ నగరం 1931లోనే ఒక ప్రాంతమంతటికీ ఇలాంటి నియమాలు పెట్టింది. ఫ్రాన్స్ 1962లో చట్టం తెచ్చి పాత పేటలను మొత్తంగా రక్షణ కిందికి తీసుకుంది. విడి కట్టడమే కాదు, వీధికి వీధే విలువైనదన్న ఆలోచన వీటి వెనక ఉంది. అందుకే వీధిలోంచి కనిపించే కిటికీ, తలుపు, పైకప్పు, బయటి రంగు మార్చాలంటే చాలాచోట్ల అనుమతి కావాలి. లోపల కొంత వెసులుబాటు ఉండొచ్చు. నోటిమాట నమ్మకండి, లిఖితపూర్వకంగా అడగండి. పని మొదలుపెట్టకముందే ప్రతి గోడకూ ఫోటోలు తీసి పెట్టుకోండి.

3. సామాను, వైరింగ్

తాపీ, ఉలి, చిన్న సుత్తి, గట్టి బ్రష్, నీళ్లు చల్లే స్ప్రే, గోనెపట్టాలు, రబ్బరు గ్లోవ్స్, కళ్లకు అద్దాలు. ఇంతే. పాత వైరింగ్, ఎర్తింగ్ ఎలక్ట్రీషియన్‌కు చూపించి, మార్చాల్సింది ఏదైనా ఉంటే గోడ పని మొదలయ్యేలోపే మార్పించేయండి. పూత పూశాక మళ్లీ గాడి కొట్టనివ్వకండి.

4. నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో కనిపెట్టండి

గోడ అడుగునుంచి మీటరు, మహా అయితే మీటరున్నర ఎత్తు దాకా అడ్డంగా గీత గీసినట్టు చెమ్మ ఉంటే అది నేలలోంచి వస్తోంది. ఒకచోట మాత్రమే మచ్చలా ఉంటే పైపు గానీ వాననీటి గొట్టం గానీ కారుతోంది. గాలి ఆడని మూలల్లో నల్లటి బూజు పడుతుంటే అది ఇంట్లోని ఆవిరే, కిటికీలు తెరిస్తే చాలావరకు తగ్గుతుంది.

పాతపేటల్లో నేలచెమ్మకు పెద్ద కారణం వీధే. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయేసరికి వీధి పైకి లేస్తుంది, గడప కిందైపోతుంది. వీధి వైపు గోడ దగ్గర వంగి చూడండి. బయటి మట్టి గానీ గచ్చు గానీ లోపలి నేల మట్టానికి కనీసం 15 సెంటీమీటర్లు కిందుండాలి. లేకపోతే గోడ వెంబడి మట్టి తీయించి, నీళ్లు పోయే దారి చేయించండి. గోడకు రంధ్రాలు చేసి మందు ఎక్కించే పద్ధతి చాలామంది అమ్మజూపుతారు. ముందు గొట్టాలు, వీధి మట్టం సరిచేసి చూడండి. ఆ ఖర్చు చాలాసార్లు అవసరమే పడదు.

5. సున్నం పని: ఇక్కడ తొందరపడకండి

వ్యాసం మొత్తంలో మీరు రెండుసార్లు చదవాల్సిన భాగం ఇది.

ఇప్పుడు మనం వాడే పోర్ట్‌లాండ్ సిమెంటుకు మొదటి పేటెంటు ఇంగ్లండ్‌లో 1824లో వచ్చింది. అది ఇళ్ల పనిలో మామూలు సరుకు కావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. అంతకుముందు ఇటుకనూ రాతినీ పట్టి ఉంచింది ఎక్కువగా సున్నమే. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల్లో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు గాలి (కార్బన్ డయాక్సైడ్) పోతుంది. నీళ్లు పోస్తే మెత్తని సున్నం అవుతుంది. గోడ మీద అది గాలిలోంచి అదే బొగ్గుపులుసు గాలిని మెల్లగా పీల్చుకుని మళ్లీ రాయవుతుంది. ఇలా గట్టిపడిన గోడ లోపలి చెమ్మను ఆవిరిగా బయటికి పోనిస్తుంది. సిమెంటు పోనివ్వదు. దాంతో చెమ్మ వెనకే చిక్కుకుని మెత్తటి పాత ఇటుకలోంచి దారి వెతుక్కుంటుంది, వెంట ఉప్పును లాక్కొస్తుంది. ఆ ఉప్పు గడ్డకట్టి ఇటుక ముఖాన్ని పెచ్చులుగా ఊడగొడుతుంది. పూత మాత్రం చెక్కుచెదరదు. దాన్ని తీస్తే వెనక ఇటుక చేత్తో రాలగొట్టేలా ఉంటుంది.

మీ గోడ ఏదో తెలుసుకోవడానికి మేకుతో గీకండి. సున్నమైతే పొడి రాలుతుంది, అక్కడక్కడ తెల్లని చిన్న ఉండలు కనిపిస్తాయి. సిమెంటైతే బూడిదరంగులో ఉండి మేకుకు లొంగదు.

ముందే ఎవరో సిమెంటు కొట్టించి ఉంటే సుత్తి పిడితో తట్టి వినండి. డొల్లగా మోగినచోట ఉలితో నెమ్మదిగా తీసేయండి. గట్టిగా పట్టుకుని ఉన్నచోట వదిలేయండి. నూటికి తొంభైమంది తప్పు చేసేది ఇక్కడే: పట్టుదలగా మొత్తం పెరికేస్తే సిమెంటుతో పాటు ఇటుక ముఖం కూడా ఊడి వచ్చేస్తుంది. కాల్చినప్పుడు ఏర్పడిన ఆ గట్టి ముఖం పోయాక ఇటుకను మళ్లీ బాగు చేయలేం. గ్రైండర్ ఇంట్లోకే రానివ్వకండి. ఇటుకల మధ్య సందుల్లో వదులైన పాత సున్నాన్ని చేతి ఉలితోనే తీయాలి, సందు వెడల్పుకు రెట్టింపు లోతు చాలు.

తర్వాత దుమ్మంతా బ్రష్‌తో దులిపి గోడ తడపండి. నీళ్లు కారకూడదు, ఆరిపోయి కూడా ఉండకూడదు. ఒక వంతు సున్నం ముద్దకు మూడు వంతుల కడిగిన గరుకు ఇసుక. ఉప్పు ఉన్న ఇసుక పనికిరాదు. సున్నం ముద్ద కనీసం మూడు నెలలు నీళ్ల కింద నానింది అయ్యుండాలి. సంచిలో వచ్చే పొడిసున్నంతో కూడా పని అవుతుందని వాదించేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. నానిన ముద్ద తాపీ కింద వెన్నలా సాగుతుంది, పొడి అలా సాగదు.

“త్వరగా పట్టుకోవడానికి గుప్పెడు సిమెంటు వేద్దాం” అని మేస్త్రీ అంటాడు. వద్దనండి. కొద్దిగా సిమెంటు కలిసిన సున్నం ఎటూ కాకుండా బలహీనంగా తయారవుతుంది. మీరు పక్కన లేనప్పుడు కలిపేస్తారు కాబట్టి కలిపే వేళకు అక్కడే ఉండండి.

ఒక్కో పొర సెంటీమీటరు మందం దాటకూడదు. మందంగా వేస్తే బీటలిస్తుంది. పొర కాస్త గట్టిపడ్డాక, గోరు గుచ్చితే దిగకుండా గీత మాత్రం పడే దశలో, గరుకుగా గీసి తర్వాతి పొర వేయండి. ఎండ, గాలి నేరుగా తగలకుండా తడి గోనెపట్టాలు కట్టి, కనీసం వారం రోజులు పూటపూటా నీళ్లు చిలకరించండి. సున్నం గట్టిపడడానికి గాలితో పాటు తేమ కూడా కావాలి. ఒక్కరోజులో ఎండిపోతే అది పొడే. చలి 5 డిగ్రీల కిందికి పోయే రోజుల్లో ఈ పని పెట్టుకోకండి.

సున్నం చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. కళ్లద్దాలు తీయకండి. పడితే వెంటనే చాలాసేపు మంచినీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

6. రంగుకు ఆగండి

తడిసిన గోడ ఆరడానికి అంగుళం మందానికి సుమారు నెల పడుతుంది. తొమ్మిది అంగుళాల గోడకు లెక్క మీరే వేసుకోండి. ఆరాక వెల్ల వేయండి, పల్చగా నాలుగైదు పూతలు. ప్లాస్టిక్ ఎమల్షన్, వాల్ పుట్టీ వేశారంటే పైన చేసిన పనంతా వృథా, చెమ్మకు మళ్లీ తలుపు మూసినట్టే. పాత రంగు పొరల్లో సీసం ఉండొచ్చు. అమెరికా ఇళ్ల రంగుల్లో దాన్ని 1978లో నిషేధించింది, అంతకుముందు వేసిన గోడలు, తలుపులు ఎన్నో ఉన్నాయి. పరీక్ష చేయించకుండా పాత రంగును పొడిగా గీకకండి, కాల్చకండి. పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

7. కిటికీలు, నిద్ర

పడకగది వెనక వైపే ఉండాలి. వీధి వైపు గదిలో ఎవరినీ పడుకోబెట్టకండి. చప్పుడు తగ్గాలని పాత కర్ర కిటికీలు పీకేసి ప్లాస్టిక్‌వి పెట్టించకండి. మంచి పాత కర్ర, పుచ్చినచోట ముక్క మార్చి నూనె పట్టిస్తే, కొత్త కిటికీ కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. ముందు సందులన్నీ మూయించండి, శబ్దం ఎక్కువగా వాటిలోంచే వస్తుంది. అప్పటికీ నిద్ర పట్టకపోతే లోపలి వైపు, పాత అద్దానికి పది సెంటీమీటర్ల ఎడంలో, తీసి పెట్టుకోగలిగే రెండో అద్దం బిగించండి. ఎడం అంతకన్నా తగ్గిస్తే చప్పుడు మీద దాని ప్రభావం బాగా పడిపోతుంది. గదిలో గాలి ఆడడానికి రోజూ కాసేపు దాన్ని తెరిచి ఉంచండి.