జోలాపుట్ నీళ్ల కింద ఊళ్లను పాత మ్యాపులో వెతకడం

1996లో ముంచంగిపుట్టు దగ్గర బడిలో చేరాను. ఒక ముసలమ్మ ఆంధ్ర-ఒడిశా సరిహద్దులోని జోలాపుట్ రిజర్వాయర్ వైపు చెయ్యి చూపించి, "మా ఊరు అక్కడే ఉండేది మేస్టారూ" అంది. నాకేమో నీళ్లు తప్ప ఇంకేం కనిపించలేదు. ఆ ఊరి కోసం పాత టోపోషీట్లు (కొండలు, వాగులు, ఊళ్లు చూపే సర్వే మ్యాపులు) చదవడం నేర్చుకున్నాను.

ముందు షీటు నంబరు పట్టాలి. మనది 65 జె. అది ఒక డిగ్రీ చదరం. దాన్ని 16 ముక్కలు చేసి, పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి నంబర్లు వేస్తారు. ఆనకట్ట ఉన్న ముక్క 11, అరకు 15, పాడేరు 12. మైలుకు అంగుళం స్కేలుదే తీసుకోండి. పావు అంగుళం షీటులో గూడేలు సరిగా కనబడవు. 1936కు ముందు షీటయితే ఒడిశా సరిహద్దు కోసం వెతక్కండి. అప్పటికి కోరాపుట్ కూడా విశాఖ జిల్లాలోదే.

అసలు కిటుకు గోధుమ రంగు గీతల్లో ఉంది. ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలవి, కాంటూర్లంటారు. రిజర్వాయర్ పూర్తి నీటిమట్టం 2750 అడుగులు. షీటు అంచున కాంటూర్ అంతరం, అంటే పక్కపక్క గీతల మధ్య ఎత్తు తేడా, చూడండి. 50 అడుగులయితే మన అదృష్టం: ప్రతి అయిదో గీతా లావుగా ఉంటుంది, 2750 సరిగ్గా ఆ లావు గీత మీదే పడుతుంది. మెత్తటి పెన్సిలుతో, జెరాక్స్ కాపీ మీద మాత్రమే, ఆనకట్ట చోటి నుంచి ఆ గీత వెంట వెళ్లండి. ప్రతి గెడ్డ (వాగు) దగ్గరా గీత లోపలికి దూరి మళ్లీ బయటికొస్తుంది. అక్కడ తొందరపడితే పక్క గీత మీదికి జారిపోతాం. మొదటిసారి నేను అలాగే జారి, మునగని గూడేన్ని ముంచేశాను. గీత చుట్టూ తిరిగొచ్చాక లోపల మిగిలిన ఊళ్లే మునిగినవి. గీతకు ఆనుకుని ఉన్నవాటి మీద మాత్రం పందెం కట్టకండి.

పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి, చిత్రమైన స్పెల్లింగులతో. కళ్లతో కాదు, పైకి చదివి పెద్దవాళ్లకు వినిపించండి. "గెడ్డ దాటాక ఏ ఊరు, ఆ తర్వాత ఏది?" అని వరసగా అడగండి. ఒక పేరు తప్పినా వరస తప్పదు.

కంప్యూటరు తెలిసినవాళ్లు మ్యాపుల సాఫ్ట్‌వేర్ అయిన క్యూజిఐఎస్‌లో శాటిలైట్ చిత్రం మీద ఈ షీటును పరచొచ్చు. అక్షాంశ రేఖాంశాలు కలిసే చోట్ల పిన్నులు పెట్టి, డేటమ్ (అక్షాంశ రేఖాంశాలను కొలిచే ఆధారం) కల్యాణ్‌పూర్ 1975 ఎంచుకోండి. జీపీఎస్ వాడే డబ్ల్యూజిఎస్ 84 పెడితే ఊరు దాదాపు రెండు వందల మీటర్లు పక్కకు పోతుంది. చిత్రం మే నెలది వెతకండి, అప్పటికి నీళ్లు బాగా దిగి ఉంటాయి.

ముసలమ్మకు షీటు మీద ఆ చుక్క చూపించాను. ఆమె చుక్కను చూడలేదు. పక్కన నీలం గీతను వేలితో రాస్తూ, "ఇది మా నీళ్ల రేవు గెడ్డ" అంది.