పెన్సిలుతో ఆదికాండం – 3వ పాఠం: ‘మంచిది’ అనని రోజు

బైబిల్లో మొదటి పుస్తకమైన ఆదికాండం మొదటి అధ్యాయంలో ‘మంచిది’ అన్న మాట ఎక్కడ కనిపించినా గీత గీయమని కిందటి పాఠంలో చెప్పాను. ఏడు గీతలు వచ్చి ఉండాలి. ఆరే వచ్చాయంటే 4వ వచనం మళ్లీ చూడండి. అక్కడ ‘మంచిదైనట్టు’ అని ఉంది కాబట్టి కన్ను జారిపోతుంది.

ఇప్పుడు ఆ గీతలను దేవుడు లోకాన్ని సృష్టించిన ఆరు రోజులకు పంచండి. మొదటి రోజుకు ఒకటి, మూడో రోజుకు రెండు, నాలుగుకూ ఐదుకూ ఒక్కొక్కటి, ఆరుకు రెండు. మరి రెండో రోజుకు? ఒక్కటీ లేదు. ఈ అధ్యాయం నాకు చిన్నప్పటినుంచీ కంఠతా వచ్చు. అయినా ఈ సంగతి చాలా ఏళ్లు గమనించలేదు. నోటికి వచ్చేసిన వాక్యం కంటికి ఆనదు, పెన్సిలు అందుకే.

6 నుంచి 8 వచనాలు నెమ్మదిగా చదవండి. విశాలం, అంటే ఆకాశం, ఏర్పడింది; పై నీళ్లూ కింది నీళ్లూ వేరయ్యాయి. కాని కింది నీళ్లు ఇంకా అంతటా పరుచుకునే ఉన్నాయి. అవి ఒకచోటికి చేరి ఆరిన నేల బయటపడేది మూడో రోజున. 11వ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రాషీ ఈ చిక్కును ఇలా విప్పాడు: నీళ్ల పని రెండో రోజుకు పూర్తికాలేదు కనుక ‘మంచిది’ అన్న మాట రాలేదు, మూడో రోజున ఆ మిగులు పనికి ఒకటి, ఆ రోజు పనికి ఒకటి వచ్చాయి. (అలా రెండుసార్లు ‘మంచిది’ అనిపించుకున్న మూడో రోజును, అంటే ఆదివారం నుంచి లెక్కేస్తే మంగళవారాన్ని, పెళ్లిళ్లకు శుభదినంగా ఎంచే యూదులు ఉన్నారు. మన ఇళ్లలో మంగళవారం ముహూర్తమంటే పెద్దవాళ్లు ఒప్పుకుంటారా?)

ప్రాచీన గ్రీకు అనువాదంలో రెండో రోజుకూ ‘మంచిది’ ఉంది. హీబ్రూ మూలంలో లేదు, మన తెలుగు బైబిల్లోనూ లేదు. నాకైతే ఆ వెలితే ఇష్టం. అమ్మ బయాప్సీ రిపోర్టు కోసం ఎదురుచూసిన రోజుల్లో ఇంటికి వచ్చినవాళ్లందరూ ‘అంతా మన మంచికే’ అన్నారు. ప్రేమతోనే అన్నారు. కాని తేలని సంగతిని మంచిదని ఒప్పుకోవడం మావల్ల కాలేదు. ఆదికాండం కూడా అలా అనలేదని తెలిశాక ఊపిరి ఆడింది.

అయితే 8వ వచనం చివరికంటా వెళ్లండి: ‘అస్తమయమును ఉదయమును కలుగగా రెండవ దినమాయెను.’ మంచిది అనిపించుకోకపోయినా ఆ రోజు లెక్కలోంచి పోలేదు. దానికీ అంకె ఉంది, దానికీ ఉదయం ఉంది.

ఇక ఆ నీళ్ల సంగతి. 2వ వచనంలో దేవుని ఆత్మ వాటిపైన ‘అల్లాడుచుండెను’. అల్లాడడమంటే మనకు దాహంతోనో బాధతోనో కొట్టుమిట్టాడడం. ఇలాంటి మాట ఎదురైతే నిఘంటువు తీసేముందు అదే మాట బైబిల్లో ఇంకెక్కడ ఉందో వెతకండి. ద్వితీయోపదేశకాండం 32:11లో దొరుకుతుంది: పక్షిరాజు తన పిల్లలపైన అల్లాడుతుంది. హీబ్రూలోనూ రెండుచోట్లా ఒకే క్రియ. గూటిమీద రెక్కలు ఆడిస్తున్న తల్లిపక్షిని ఊహించుకుని 2వ వచనం మళ్లీ చదవండి. వెలుగు ఇంకా రాలేదు, చీకటి అలాగే కమ్మి ఉంది, రెక్కలు మాత్రం కదులుతున్నాయి. రెండో రోజున సగంలో ఆగిన నీళ్లు ఇవే.

వచ్చే పాఠానికి పని: ఒక్కో రోజు చివర ‘అస్తమయమును ఉదయమును’ కింద గీత గీయండి. తరువాత రెండో అధ్యాయం మొదటి మూడు వచనాలు చదివి, ఏడో రోజున ఏం తప్పిపోయిందో అంచులో రాసిపెట్టండి. జవాబు కోసం తొందరపడి ఎవరినీ అడగకండి.