డేకేర్‌లో ఎంతమంది పిల్లలకి ఎంతమంది ఆయమ్మలు: ఎలా అడగాలి, ఎలా లెక్కపెట్టాలి

డేకేర్ చూడ్డానికి వెళ్ళిన ప్రతి అమ్మానాన్నా "మీ దగ్గర రేషియో ఎంతండీ" అని అడుగుతారు. రిసెప్షన్‌లో ఉన్నావిడ తడుముకోకుండా "వన్ ఈజ్ టు ఫైవ్ అండి" అంటుంది, మనం హమ్మయ్య అనుకుని ఫీజు సంగతిలోకి వెళ్ళిపోతాం. అలా అడిగితే లాభం లేదండి. కొన్ని చోట్ల ఆ ఐదు ఎలా వస్తుందంటే సెంటర్‌లో ఉన్న పిల్లలందర్నీ అక్కడ జీతం తీసుకునే వాళ్ళందరితో భాగిస్తే వస్తుంది, అందులో వంటావిడ ఉంటుంది, సెంటర్ హెడ్ ఉంటుంది, పొద్దున కాసేపు వచ్చి రైమ్స్ చెప్పి వెళ్ళిపోయే టీచర్ కూడా ఉంటుంది. మన పాప ఉన్న గదిలో, ఆ గంటలో, పిల్లల మీద కన్నేసి ఉంచిన వాళ్ళు ఎంతమంది? మనకి కావాల్సిన లెక్క అదొక్కటే.

ముందు రూల్ ఏముందో తెలుసుకుని వెళ్ళండి. మన దేశంలో 2013 జాతీయ ఈసీసీఈ పాలసీ (ఆరేళ్ళలోపు పిల్లల సంరక్షణ, చదువు గురించిన పాలసీ) ప్రకారం మూడేళ్ళలోపు పిల్లలు పది మందికి ఒకరు, మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళు ఇరవై మందికి ఒకరు ఉండాలి. ఇదే టెక్సాస్‌లో అయితే ఏడాది నిండని పిల్లలు నలుగురికి ఒకరు ఉండాలని లైసెన్స్ రూల్, అక్కడున్న మన వాళ్ళని అడగండి చెప్తారు. ఇంగ్లండ్‌లో రెండేళ్ళలోపు వాళ్ళు ముగ్గురికి ఒకరు, అక్కడ 2023లో రెండేళ్ళ పిల్లలకి నలుగురికి ఒకరు అన్నదాన్ని ఐదుగురికి ఒకరు అని మారిస్తేనే చాలామంది తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. మరి మన దగ్గర పది. పాలసీలో రాసుంది కదా అని మీ కాలనీలో ఉన్న డేకేర్‌కి ఎవరో వచ్చి రోజూ తలలు లెక్కపెడతారని అనుకోకండి, ఆ పని మనమే చేసుకోవాలి.

నా మటుకు నేనైతే పది అనే దాన్ని అస్సలు ఒప్పుకోను. ఏడాదిలోపు పిల్లలకి నలుగురికి ఒకరు, ఏడాది నుంచి రెండున్నర దాకా ఐదారుగురికి ఒకరు, మూడు దాటాక పది పన్నెండు మందికి ఒకరు ఉంటే ఫర్వాలేదు, అంతకన్నా ఎక్కువైతే వద్దు. ఇంకోటి, ఎంత తక్కువమంది పిల్లలున్నా సెంటర్‌లో ఒక్క మనిషే ఉండే టైమ్ ఉండకూడదు. ఎందుకంటే డైపర్ మార్చేటప్పుడు చూడండి, బిడ్డని టేబుల్ మీద పడుకోబెట్టాక ఆయమ్మ చెయ్యి తియ్యలేదు, కళ్ళు పక్కకి తిప్పలేదు, ఆ నాలుగైదు నిమిషాలు మిగతా పిల్లల దగ్గర ఎవరూ లేనట్టే లెక్క. ఒకడు పల్లీ గింజ నోట్లో పెట్టుకున్నా, ఒకత్తి పక్క పిల్లని కొరికినా ఆ నిమిషాల్లోనే జరుగుతుంది.

అందుకని రేషియో ఎంత అని అడక్కుండా టైమ్ చెప్పి అడగండి. "మధ్యాహ్నం ఒంటిగంటకి చిన్నపిల్లల గదిలో ఎంతమంది పిల్లలుంటారు, ఎవరెవరు తినిపిస్తారు?" "పిల్లలు పడుకున్నాక ఆయమ్మలు భోజనానికి ఒకేసారి వెళ్తారా, ఒకరి తర్వాత ఒకరా?" "ఎవరైనా సెలవు పెడితే ఆ రోజు ఎవరొస్తారు?" ఈ మూడోది తప్పకుండా అడగాలి. సంక్రాంతికి, బతుకమ్మకి, దసరాకి చాలామంది ఆయమ్మలు ఊళ్ళకి వెళ్తారు, వెళ్ళాలి కూడా, కానీ మన ఆఫీసులు ఆ వారమంతా మూసుండవు కదా. "మేనేజ్ చేస్తాం అండి" అన్నారంటే ఉన్నవాళ్ళ మీదే పిల్లల్ని పంచేస్తారని అర్థం. బదులు వచ్చే మనిషి పేరు చెప్పగలిగారంటే నమ్మొచ్చు.

అన్నిటికన్నా కష్టమైన టైమ్ సాయంత్రం అయిదున్నర తర్వాత. టీచర్లు వెళ్ళిపోయుంటారు, ఆయమ్మల్లో సగం షిఫ్ట్ అయిపోయుంటుంది, మనమేమో ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ నుంచి మియాపూర్ దాకా ట్రాఫిక్‌లో ఉంటాం. ఆరింటికి వెళ్ళి చూస్తే చాలా చోట్ల కనపడేది ఇది: గదులన్నీ కలిపేసి అన్ని వయసుల పిల్లల్నీ టీవీ ముందు ఒకేచోట కూర్చోబెడతారు, ఒక ఆయమ్మ గేట్ దగ్గర బ్యాగులు, టిఫిన్ డబ్బాలు, చెప్పులు వెతికి వచ్చినవాళ్ళ చేతికిస్తూ ఉంటుంది, ఇంకో ఆయమ్మ చంకలో ఒకణ్ణి ఎత్తుకుని పాలసీసా వేడినీళ్ళలో పెట్టి తిప్పుతూ ఉంటుంది, నాలుగేళ్ళ పిల్లాడు పరిగెత్తుతుంటే ఇప్పుడిప్పుడే నడక నేర్చుకునేది వాడి దారిలో కూర్చుని ఉంటుంది. పొద్దున పదకొండింటికి టూర్‌కి పిలిచి చూపించేది ఇది కాదు. కాబట్టి చేర్చేముందు ఒకసారి పొద్దున వెళ్ళండి, ఇంకోసారి సాయంత్రం ఆరింటికి చెప్పకుండా వెళ్ళండి, లోపలికి రానివ్వకపోయినా గేట్ దగ్గర ఓ పావుగంట నిలబడితే చాలావరకు తెలిసిపోతుంది.

సీసీటీవీ లైవ్ ఇస్తాం అంటే మంచిదే, తీసుకోండి. కానీ కెమెరా పిల్లని ఎత్తుకోదు, మనుషులు తక్కువున్న చోట కెమెరా పెట్టి సరిపెట్టామంటే కుదరదు. దాన్ని లెక్కపెట్టడానికి వాడుకోండి, వేర్వేరు టైముల్లో ఒక్క నిమిషం తెరిచి పిల్లలెంతమంది, పెద్దలెంతమంది అని ఫోన్‌లో నోట్ చేసుకోండి, రెండు వారాలు చూస్తే ఏ టైమ్‌లో మనుషులు చాలట్లేదో మీకే అర్థమవుతుంది.

ఇప్పటికే చేర్చేసిన వాళ్ళు గమనించాల్సినవి కొన్ని: డైపర్ రోజూ బరువుగా తడిసి ఇంటికి రావడం, పంపిన పాలు, అన్నం అలాగే తిరిగి రావడం, ఒంటిమీద గాటు చూపించి ఇదెలా అయిందంటే "చూళ్ళేదండి" అనడం. పిల్లలు ఒకసారి కొరుక్కోవడం మామూలే, కానీ ప్రతిసారీ ఎవరూ చూడలేదంటే అక్కడ చూసేవాళ్ళే లేరని అర్థం. అప్పుడు ఆయమ్మ మీద అరవకండి, దయచేసి. తక్కువ జీతానికి పది మందిని మోస్తున్న మనిషి ఆవిడ, మనుషుల్ని పెట్టుకోవాల్సింది యాజమాన్యం. సెంటర్ హెడ్‌తో మాట్లాడండి, మాట్లాడింది వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాసి పెట్టండి, "మీ దగ్గర కేర్ సరిగ్గా లేదు" అని రాస్తే వాళ్ళు సారీ చెప్పి ఊరుకుంటారు, "మేడమ్, మంగళవారం సాయంత్రం ఆరుంబావుకి చిన్నపిల్లల గదిలో పదకొండు మంది పిల్లలు, ఒక్క ఆయమ్మ ఉన్నారు, ఆ టైమ్‌కి రెండో మనిషిని ఎప్పటినుంచి పెడతారో చెప్పండి" అని రాస్తే జవాబు చెప్పక తప్పదు. మిగతా పేరెంట్స్‌తో కూడా కలిసి అడగండి, ఒక్కరు అడిగితే "మీకొక్కరికే ప్రాబ్లమ్ అండి" అంటారు, ఆరుగురు అడిగితే అనరు.

ఆఫీస్ టైఅప్ డేకేర్ అయితే మీ హెచ్‌ఆర్‌కి కూడా పెట్టండి. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు యాభై మందీ అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న సంస్థ క్రెష్ (ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే చోటు) సదుపాయం ఇవ్వాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకోవచ్చని పెట్టారు, కాబట్టి మధ్యాహ్నం వెళ్ళి చూసొస్తానంటే అదేం వాళ్ళు చేసే ఉపకారం కాదు. బిడ్డని కొట్టారనో ఇంకేదైనా అఘాయిత్యం జరిగిందనో అనుమానం వస్తే మాత్రం మెయిళ్ళు పెడుతూ కూర్చోకండి, బిడ్డని వెంటనే తెచ్చేసుకుని పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి.

మనుషులు ఎక్కువుంటే ఫీజూ ఎక్కువుంటుంది, అది నిజమే, అందరికీ కుదరదు. కుదరనప్పుడు ఆ కష్టమైన గంటనైనా తప్పించే దారి చూడండి, ఇద్దరిలో ఒకరు ముందు లాగిన్ అయి అయిదింటికల్లా పికప్ చేసుకోవడమో, అమ్మమ్మో నాయనమ్మో దగ్గర్లో ఉంటే ఆ టైమ్‌లో వాళ్ళ దగ్గర ఉంచడమో. రాసి అడిగాక రెండు వారాలైనా రెండో మనిషి రాకపోతే వేరే చోటు వెతుక్కోండి. ఒక్కటి మాత్రం, చేరేరోజే డిపాజిట్ తిరిగి ఎప్పుడిస్తారు, నోటీస్ ఎన్ని రోజులు అనేది చదివి సంతకం పెట్టండి, నెల ఫీజు పోతుందని భయపడి అక్కడే ఉంచేస్తున్న వాళ్ళు చాలామంది ఉన్నారు.